మా పాత ఫైళ్ళకు ఒక తలుపు పెట్టండి

1999 నుంచి 2015 దాకా నరసరావుపేటలో నేను కొట్టిన పేజీలకు లెక్కలేదు. శుభలేఖలు, కోటప్పకొండ తిరునాళ్ళ కరపత్రాలు, విత్తనాల కొట్ల బిల్లు పుస్తకాలు, బళ్ళ ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు, శతకాలు, స్థలపురాణాలు, ఊరి చరిత్రలు. అంతా తెలుగే. అయినా ఆ ఫైళ్ళలో ఒక్క తెలుగు అక్షరం లేదు. కంప్యూటరును అడిగితే అవన్నీ ఇంగ్లీషు గుర్తులంటుంది. అది చెప్పేది నిజమే.

డీటీపీ పని, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చేసినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పుస్తకాలు రాసినవాళ్ళకూ, వేయించినవాళ్ళకూ చాలామందికి తెలియదు. వాళ్ళకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

మా కాలపు ఫాంటులో 256 గడులుండేవి. మొదటి 32 యంత్రం సొంత ఆజ్ఞలకు పోతాయి, మనకు మిగిలేవి 224. తెలుగులో గుణింతాలు, ఒత్తులు, వాటి మీద మళ్ళీ గుణింతాలు కలిపితే ఆకారాలు వేలల్లో ఉంటాయి. అందుకని ఫాంటు చేసినవాళ్ళు అక్షరాన్ని ముక్కలు చేశారు. అక్షరం ఒళ్ళు ఒక గడిలో, తలకట్టు ఇంకో గడిలో, గుడి వేరే, కొమ్ము వేరే, ఒత్తు వేరే. ఆ గడులన్నీ అప్పటికే ఇంగ్లీషుకూ, యూరప్ భాషలకూ ఇచ్చేసినవి. కంప్యూటరు లోపల దాచుకునేది ఆ ఇంగ్లీషు గుర్తునే. ఫాంటు దానికి తెలుగు వేషం కట్టి తెర మీదికి పంపుతుంది. ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పేజీ నిండా డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన కొమ్ములున్న అక్షరాలు.

ఆ పద్ధతిని నేను తప్పు పట్టడం లేదు. ఆ ఫాంట్లు చేసినవాళ్ళకు రెండు చేతులా దండం పెడతాను. మా మామగారు నరసరావుపేటలోనే లెటర్ ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ కేసులోంచి ఏరి స్టిక్కులో పేర్చేవారు. కళ్ళు మూసుకుని ఏ గడిలో ఏ ఒత్తుందో చెప్పేవారు. ఆయన రోజంతా నిలబడి కూర్చిన పేజీలను నేను ఒక పూటలో కొట్టగలిగానంటే పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్ వల్ల, అను, శ్రీలిపి లాంటి తెలుగు ఫాంటు ప్యాకేజీల వల్ల. లోయరు, హయ్యరు తెలుగు టైపు పాసైన ఆడపిల్లలకు మా ఊళ్ళో ఇంటి దగ్గరే కూర్చుని సంపాదించుకునే పని దొరికింది వాటి వల్లే. పల్నాడులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే స్తోమత బడి పంతుళ్ళకు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

అలాంటి పంతులుగారొకరు పోయిన వేసవిలో కారంపూడి దగ్గర్నుంచి బస్సెక్కి మా షాపుకొచ్చారు. వయసు ఎనభై దాటింది. చేతిసంచిలోంచి ఒక సీడీ తీశారు. దాని మీద మార్కర్ పెన్నుతో రాసిన దస్తూరీ నాదే. 2003 సంవత్సరం.

ఆ పుస్తకం నాకు బాగా గుర్తు. పల్నాటి పల్లెల్లో పనిపాటల మాటలు ఆయన ముప్పై ఏళ్ళ పాటు ఏరి పెట్టుకున్నారు. మిరప కల్లం దగ్గర మాటలు, పత్తి తీతలో మాటలు, నాపరాయి గనుల దగ్గర మాటలు, సున్నపు బట్టీల దగ్గర మాటలు, వీరుల తిరునాళ్ళలో కత్తులు మోసేవాళ్ళ మాటలు. రెండువందల పేజీలకు పైనే. 500 కాపీలు వేయించారు. ముందుమాటలో మా వినుకొండలో పుట్టిన కవి జాషువాగారిని తలుచుకున్నారు. అక్కడ నాతో పోట్లాడారు కూడా. జాషువాగారి ఇంటిపేరు 'గుఱ్ఱం', బండి ఱ వేసి తీరాలన్నారు. పుస్తకం మొత్తంలో ఎక్కడ గుఱ్ఱం వచ్చినా అంతే. బండి ఱ మా మామూలు ఫాంటులో లేదు. అరుదైన గుర్తులకు పక్కన ఇంకో చిన్న ఫాంటు ఉండేది. ఒక్క అక్షరం కోసం ఫాంటు మార్చి, కొట్టి, మళ్ళీ వెనక్కి రావాలి. విసుక్కుంటూనే కొట్టాను.

"అమ్మాయ్, ఇంట్లో మిగిలిన కాపీలు చెదలు పట్టాయి," అన్నారు మాస్టారు. "మనవరాలు అమెరికాలో ఉంది. ఫోన్లో చదువుకునేటట్టు చేయించు తాతా అంటోంది. నువ్వు కొట్టిందే కదా, అందులో ఉంది కదా?"

ఉంది. ఆ సీడీలో పీఎండీ అని తోక ఉన్న పేజ్‌మేకర్ ఫైలు నిక్షేపంగా ఉంది. ఒక్క బైటు పోలేదు. దాన్ని చదివే తలుపే ఇప్పుడు రాతపనికి నేను వాడే ఏ ఎడిటర్‌లోనూ లేదు.

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది. 1994లో ఆ కంపెనీ అడోబీలో కలిసింది. 2001లో వచ్చిన 7.0 ఆఖరిది, ఆ తర్వాత కొత్తది రాలేదు. దాని స్థానంలోకి వచ్చిన ఇండిజైన్ 2012 నాటి సీఎస్6 వరకు పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచేది, తర్వాతి వాటిలో ఆ సదుపాయం లేదు. ఒక కంపెనీ తన పాత సరుకును ఎన్నాళ్ళు మోయాలన్నది దాని ఇష్టం. మన పుస్తకాలు ఎన్నాళ్ళు బతకాలన్నది దాని ఇష్టానికి వదిలేసిన తప్పు మాత్రం మనది.

యూనికోడ్ వచ్చి ఎన్నాళ్ళయింది, అప్పుడే మారి ఉండొచ్చు కదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. నిజమే, 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. తెలుగుకు 128 గడులు విడిగా రాసిచ్చారు, వాటిలో 0సీ05 అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా 'అ'యే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగానే దొరికేవి. కానీ మేం పని చేసేది పేజ్‌మేకర్లో. దానికి యూనికోడ్ తెలుగు పట్టదు. ప్రెస్సువాళ్ళు అడిగేది ట్రేసింగ్ పేపరు మీద నల్లగా వచ్చిన అచ్చు. లోపల ఏ గుర్తు ఉందని అడిగిన కస్టమరు నాకు పదహారేళ్ళలో ఒక్కరు తగల్లేదు. మాకు చెప్పినవాళ్ళూ లేరు.

మాస్టారి ఫైలు కోసం నేను చేయనిది లేదు. పాత ఎక్స్‌పీ మిషను ఒకటి అటక మీద ఉంటే దింపాను. హార్డ్ డిస్క్ మూలుగుతోంది కానీ లేచింది. పేజ్‌మేకర్లో ఫైలు తెరుచుకుంది, ఫాంటు ఉంది కాబట్టి తెలుగూ కనిపించింది. దాన్ని కాపీ చేసి ఇంటర్నెట్లో దొరికే యూనికోడ్ మార్పిడి పేజీలో వేశాను. ఆ పేజీలు పుణ్యాత్ములు చేసినవి, నేను ఎన్నోసార్లు వాడుకున్నాను. చిన్న చిన్న పేరాలకు బాగా పనిచేస్తాయి. ఇక్కడ మాత్రం ఇరుకున పడ్డాను. మాస్టారి పుస్తకంలో ప్రతి మాట పక్కనా అది విన్న సంవత్సరం, ఊరి పిన్‌కోడ్, కొన్నిచోట్ల ఇంగ్లీషులో మొక్కల శాస్త్రీయ నామాలు ఉన్నాయి. కాపీ చేసేటప్పుడు వచ్చేది వట్టి గుర్తులు. ఏ గుర్తు తెలుగు ఫాంటులో ఉంది, ఏది ఇంగ్లీషు ఫాంటులో ఉంది అన్న సమాచారం దారిలోనే జారిపోతుంది. దాంతో మార్పిడి పేజీ ఇంగ్లీషు పేర్లను కూడా తెలుగు ముక్కలుగా మార్చేసింది. మొక్కల పేర్లన్నీ అర్థంలేని ఒత్తుల కుప్పలయ్యాయి.

అప్పుడు ఇంకో దారి పట్టాను. పేజీలన్నీ ప్రింటు తీసి, వాటిని స్కాన్ చేసి, ఓసీఆర్‌కు ఇచ్చాను. ఓసీఆర్ అంటే బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టే పద్ధతి. నేనే కంప్యూటర్లో కొట్టిన అక్షరాన్ని, కాగితం మీదికి తెచ్చి, మళ్ళీ కంప్యూటరు చేత కళ్ళతో చదివించాను. పది పేజీలు చూశాక చేతులెత్తేశాను. మామూలు వాక్యాలైతే పర్లేదు. ఈ పుస్తకంలో ఉన్నవి ఏ నిఘంటువులోనూ లేని మాటలు. ఓసీఆర్ ఒక ఒత్తును పొరబడితే అది తప్పని చెప్పడానికి మాస్టారు తప్ప దిక్కులేదు. ఆయన కళ్ళకు ఇప్పుడు ఆ శక్తి లేదు.

మా అక్క కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. సెలవులకు వచ్చినవాడు ఇదంతా చూసి, "పిన్నీ, నువ్వు మార్పిడి గురించి ఆలోచిస్తున్నావు. ఎడిటర్‌కే ఈ ఫైలు రకం నేర్పాలి," అన్నాడు.

నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. తర్వాత మూడు వారాలు రాత్రిళ్ళు ఫోన్లో వాడితో కూర్చున్నాక అర్థమైంది. ఎడిటర్ ఒక ఫైలు తెరవమనగానే ముందు దాని తోక చూస్తుంది, తర్వాత మొదటి కొన్ని బైట్లు చూస్తుంది. ఫలానా రకం అని పోల్చుకున్నాక ఆ రకానికి రాసిపెట్టిన ఒక చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. దాన్ని ఫిల్టరంటారు. ఫైల్లో ఏ మూల ఏముందో దానికి తెలుసు. పేజీ కొలతలు ఇక్కడ, అక్షరాలు అక్కడ, ఏ వరసకు ఏ ఫాంటు అన్నది ఇంకోచోట. అన్నీ విప్పి ఎడిటర్ చేతికిస్తుంది. మేం రోజూ ఒక క్లిక్కుతో తెరిచే ప్రతి ఫైలు వెనకా ఎవరో ఒకరు కూర్చుని అలాంటి ఫిల్టర్ రాసి ఉంటారు. ఎవరూ రాయకపోతే ఆ ఫైలు వట్టి రాయి.

పేజ్‌మేకర్ ఫైలు లోపలి అమరిక ఎవరూ విడమరిచి చెప్పింది కాదు. అయినా దాన్ని బైటు బైటూ చూసి పట్టుకున్నవాళ్ళున్నారు. 2014లో డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్టు అని ఒకటి మొదలైంది. లిబ్రేఆఫీస్ వెనకున్న సంస్థ, మరికొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు కలిసి పెట్టింది. దిక్కులేని పాత ఫైళ్ళ రకాలను చదివే ఫిల్టర్లు రాయడమే వాళ్ళ పని. పేజ్‌మేకర్ కోసం లిబ్‌పేజ్‌మేకర్ అని ఒకటి రాశారు. 2015 జనవరిలో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళు అందులో తెరుచుకుంటున్నాయి. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఏడుపొచ్చింది. అంత పెద్ద తాళం ఎవరో ఎప్పుడో తీసిపెట్టారు, పేటలో మాకు ఎవరికీ కబురే అందలేదు.

అందులో మాస్టారి ఫైలు తెరిస్తే వచ్చింది మళ్ళీ ఆ డాలర్లూ బ్రాకెట్లే. అది వాళ్ళ తప్పు కాదు. ఫైల్లో ఉన్నదే వాళ్ళు చూపించారు. తలుపు సగం తెరుచుకుంది. మిగతా సగం తీయాల్సింది తెలుగువాళ్ళం.

ఆ సగం పని ఏమిటంటే ఒక పట్టిక. ఏ గడిలో ఏ ముక్క ఉందో రాసిన పట్టిక. మా వాడు రూళ్ళ పుస్తకం కొనుక్కుని కూర్చోమన్నాడు. కూర్చున్నాను. 224 గడులు. ఒక పక్క అంకె, ఇంకో పక్క తెలుగు ముక్క. ఒకే కొమ్ము మూడు గడుల్లో ఉంది: ఒకటి సన్నపు అక్షరాలకు, ఒకటి వెడల్పు అక్షరాలకు, ఒకటి ఒత్తుకు తగలకుండా పక్కకు జరిగింది. కంటికి మూడు, భాషకు ఒకటే. కొన్ని గడుల్లో గుడీ అక్షరమూ కలిసే ఉన్నాయి. పట్టిక రాస్తుంటే మా మామగారి కేసు గుర్తొచ్చింది. ఆయన చేతికి గడులు తెలిసినట్టే నా వేళ్ళకు ఈ అంకెలు తెలుసు. పదహారేళ్ళు కొట్టాక మెదడుతో పనిలేదు.

పట్టికతోనే పని అయిపోలేదు. వరస కూడా మార్చాలి. 'స్త్రీ' తీసుకోండి. పాత ఫైల్లో అది కంటికి కనిపించే వరసలో ఉంటుంది: గుడి దీర్ఘమిచ్చిన 'సీ' ముందు, దాని కింద త ఒత్తు, ర ఒత్తు తర్వాత. యూనికోడ్‌లో నోటితో పలికే వరస: స, పొల్లు, త, పొల్లు, ర, ఆ తర్వాత గుడి దీర్ఘం. దీర్ఘాన్ని మొదట్నుంచి తీసి చివర పెట్టాలి. ఇలాంటి సూత్రాలు మా వాడు పది పన్నెండు రాశాడు. ఎక్కువ రోజులు పట్టింది మాత్రం ఫైలు లోపలి నుంచి ఫాంటు పేర్లు తవ్వి తీయడానికి. అవి దొరికాకే తెలుగు ఏదో ఇంగ్లీషు ఏదో తేలింది. తెలుగు ఫాంటున్న చోట పట్టిక నడిచింది, ఇంగ్లీషు ఫాంటున్న చోట ముట్టుకోకుండా వదిలేసింది. పిన్‌కోడ్‌లు, మొక్కల పేర్లు చెక్కుచెదరకుండా వచ్చాయి. ఎడిటర్‌కు ఫైలు రకం నేర్పడమంటే ఏమిటో, వట్టి మార్పిడి పేజీకీ దానికీ తేడా ఏమిటో నాకు తెలిసిందప్పుడే.

మా అక్క కొడుకు చేసింది వాడి కంప్యూటర్లో, వాడు వాడే ఎడిటర్‌కు తగిలించిన ఒక ముక్క. ఒక ఫాంటుకు, ఒక పుస్తకానికి. ఇది ప్రతి ఒక్కరి కంప్యూటర్లో ఉండాలి. లిబ్రేఆఫీస్ లాంటి ఉచిత ఎడిటర్లలో తెలుగు పాత ఫాంట్ల పట్టికలు కలిసిపోవాలి. గురజాలలో ఒక రైతు కొడుకు వాళ్ళ నాన్న వేయించిన పుస్తకం ఫైలు మీద రెండు క్లిక్కులు కొడితే తెలుగు రావాలి. ఇది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేయించాలి. ఇంకా చెప్పాలంటే అధికార భాషా సంఘం తన మొదటి పనిగా చేయించాలి. భవనం కట్టక్కర్లేదు, భూమి సేకరించక్కర్లేదు. నలుగురు ప్రోగ్రామర్లు, పదిమంది డీటీపీ ఆపరేటర్లు, ఒక ఏడాది. చేసినదాన్ని ఎవరైనా వాడుకునేటట్టు ఉచితంగా వదలాలి. ఫాంట్లు చేసిన కంపెనీలకు కూడా నా విన్నపం: మీ ఫాంట్ల బొమ్మలు మీవి, వాటి మీద హక్కు మీదే. ఏ గడిలో ఏ ముక్క ఉందో చెప్పే పట్టికలు మాత్రం బయట పెట్టండి. మీ ఫాంట్లతో రాసినవాళ్ళ పుస్తకాలు మీ పేరుతోనే బతుకుతాయి.

ఇది మనకు చేతగాని పనేం కాదు. తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్లో ఒక్కొక్కటీ ఒక్కో ఫాంటులో వచ్చిన రోజుల్లో వెన్న నాగార్జునగారు 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక యాడాన్ రాశారు. పత్రిక పేజీ తెరవగానే అది ఫాంటు గుర్తుపట్టి అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఒక్క మనిషి మొదలుపెట్టిన పని ఎన్ని వేలమందికి ఉపయోగపడిందో! కేరళలో స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం 'పయ్యన్స్' అని మలయాళం పాత ఫాంట్లకు ఇలాంటిదే చేసింది. దాని కిటుకంతా ఫాంటుకొక పట్టిక. కొత్త ఫాంటు వస్తే ప్రోగ్రాము ముట్టుకోనక్కర్లేదు, ఒక పట్టిక రాసి పడేస్తే చాలు. మనకూ అదే కావాలి.

కొందరు అంటారు, పాత ఫైళ్ళు ఎందుకమ్మా, అచ్చు పుస్తకం ఉంటే స్కాన్ చేసి పెట్టుకోవచ్చు కదా అని. స్కాన్ బొమ్మను కళ్ళున్నవాళ్ళు చదువుకోవచ్చు. చూపులేని పిల్లలు కంప్యూటరు చేత తెలుగు చదివించుకుని పరీక్షలకు తయారవుతున్నారు. బొమ్మను అది చదవలేదు, పాత ఫాంటు ఫైలు ఇస్తే డాలరు, బ్రాకెట్టు అని చదువుతుంది. 'తాలు' అనే మాట మాస్టారి పుస్తకంలో ఎక్కడెక్కడ వచ్చిందో ఒక పరిశోధకుడు వెతకాలంటే బొమ్మలో వెతకలేడు. కంప్యూటర్లకు తెలుగు నేర్పడానికి తెలుగు సరుకు చాలడం లేదని ఈమధ్య పెద్ద పెద్దవాళ్ళు అంటుంటే వింటున్నాను. ఎందుకు చాలుతుంది? పాతికేళ్ళ తెలుగు రాత మొత్తం పీఎండీ, పీ65 అన్న తోకలతో మా అటకల మీద, మా సీడీ డబ్బాల్లో పడి ఉంది. విజయవాడ, గుంటూరు, తెనాలి, ఒంగోలు, ఏ ఊరైనా ఇంతే. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చువేయించిన పల్నాటి వీరచరిత్ర ప్రతి దొరికితే ఇవాళ ఏ ఆరో తరగతి పిల్లవాడైనా కూడబలుక్కుని చదువుతాడు. 2003లో నేను కొట్టిన పుస్తకాన్ని 2025లో నా ఇప్పటి కంప్యూటర్లో నేనే చదవలేకపోయాను. ఇది నన్ను నిద్రపోనివ్వలేదు.

పెళ్ళి కార్డులు కూడా కాపాడాలా అని ఒకాయన నవ్వారు. కాపాడాలనే అంటాను. కార్డులో ఇంటిపేర్లుంటాయి, ఊళ్ళ పేర్లుంటాయి. బంధువులను ఏ వరసలో పిలిచేవారో ఉంటుంది. ఏ సంవత్సరం నుంచి పెళ్ళికూతురి చదువు పేరు పక్కన వేయడం మొదలైందో నా ఫైళ్ళలో కనిపిస్తుంది. మొదట్లో వేయించేవారు కాదు. 2005 దాటాక ఆడపిల్ల తండ్రులు 'బీటెక్' అని వేయమని, పెద్దక్షరాల్లో వేయమని పట్టుబట్టేవారు. మా పల్నాడు ఎలా మారిందో చెప్పే చరిత్ర అది. ఎవరూ చరిత్ర అనుకోకుండా రాసుకున్నది.

తొందర ఎందుకంటే, పట్టికలు ఉన్నది మా వేళ్ళలో. నాతోపాటు పేటలో ఈ పనిలోకి వచ్చినవాళ్ళు కొందరు కళ్ళద్దాలు మందమై మానేశారు, కొందరు జిరాక్సు షాపులు పెట్టుకున్నారు, ఇద్దరు లేరు. ఫలానా ఫాంటులో ఫలానా ఒత్తు ఎక్కడుందో, ప్రెస్సువాళ్ళ కోసం ఏ గుర్తును దొంగచాటుగా దేనికి వాడేవాళ్ళమో ఏ పుస్తకంలోనూ లేదు. సీడీల మీద పూత కూడా లేచిపోతోంది. నా డబ్బాలో అరవై సీడీలుంటే పదకొండు ఇప్పటికే తెరుచుకోవడం లేదు. ఫ్లాపీల సంగతి చెప్పక్కర్లేదు. మాచర్లలో, పిడుగురాళ్ళలో, సత్తెనపల్లిలో, చిలకలూరిపేటలో నాలాగా పనిచేసిన అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఒకటే చెబుతున్నాను. ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. ఒక రూళ్ళ పుస్తకం కొనండి. మీ వేళ్ళకు తెలిసిన ఫాంటు పేరు పైన రాసి, గడులన్నీ నింపండి. సీడీలన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. ప్రోగ్రాము రాసే పిల్లలు దొరుకుతారు, మన ఇళ్ళలోనే ఉన్నారు. ఆ పట్టిక మాత్రం వాళ్ళకు మనం తప్ప ఎవరూ ఇవ్వలేరు.

మాస్టారి పుస్తకం యూనికోడ్‌లోకి వచ్చాక మొదటి కాపీ పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి కారంపూడి తీసుకెళ్ళాను. మనవరాలికి ఫోనుకు పంపడం అప్పటికే అయింది. ఆయన అరుగు మీద కూర్చుని భూతద్దం పెట్టుకుని చూశారు. నా ఫోన్లో 'కల్లం' అని కొట్టి వెతికి చూపించాను. ఇరవై మూడు చోట్ల ఉంది. "ఇంతకుముందు దీన్ని నేను చేత్తో వెతికేవాణ్ణి," అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ముందుమాట దగ్గర వేలు ఆపారు.

"అమ్మాయ్, ఇక్కడ జాషువాగారి ఇంటిపేరు చూడు."

చూశాను. గు, తర్వాత రెండు ఇంగ్లీషు గుర్తులు, ఆ తర్వాత సున్న. ఆ పక్క చిన్న ఫాంటు పేరు నేను మా వాడికి ఇవ్వలేదు. ఫిల్టర్ దాన్ని ఇంగ్లీషు అనుకుని ముట్టుకోకుండా వదిలేసింది. పుస్తకమంతా ఎక్కడ గుఱ్ఱం ఉందో అక్కడల్లా అంతే.

బస్సులో తిరిగొస్తూ సంచిలోంచి రూళ్ళ పుస్తకం తీశాను. కొత్త పేజీ తిప్పి ఆ రెండో ఫాంటు పేరు పైన రాసి, కింద మొదటి గడిలో బండి ఱ రాశాను.